అరవై దాటాక మౌంటెన్ బైక్: షాకుల కన్నా ముందు చూడాల్సినవి

మీరు రాసింది చదివాను. వయసు 64, ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు, బరువు 78 కిలోలు, ఉండేది విశాఖలో మధురవాడ. ఎడమ మోకాలు కాస్త అరిగిందని డాక్టర్ చెప్పారు, మెట్లు దిగేటప్పుడు నొప్పి తెలుస్తోంది. సైకిల్ వదిలేసి ఏళ్ళయింది. ఉదయం పూట బీచ్ రోడ్డు, ఓపికుంటే భీమిలి దాకా, అప్పుడప్పుడు ముడసర్లోవ వైపు మట్టిదారులు, ఇదీ మీ ఆలోచన. షాపులో రెండు చూపించారు. ఒకటి ముందూ వెనకా షాకులు, అంటే కుదుపులు మింగే స్ప్రింగులు, ఉన్న 29 అంగుళాల చక్రాలది, రెండోది ముందు మాత్రమే షాకున్న 27.5 అంగుళాలది. ధర ఇంచుమించు ఒకటే, పాతిక వేల లోపు. "పెద్దవారు కదా సార్, రెండు షాకులుంటే సోఫాలో కూర్చున్నట్టే" అన్నాడట షాపతను.

రెండు షాకుల దాన్ని మర్చిపోండి. ఆ ధరలో వెనక షాకంటే ఒక బండ స్ప్రింగు, నాలుగు బుష్‌లు, అంతే. సైకిల్ బరువు 17, 18 కిలోలకు పోతుంది. పెడల్ నొక్కినప్పుడల్లా ఫ్రేము కిందికీ పైకీ ఊగుతుంది, మీరు పెట్టే బలంలో కొంత ఆ ఊపుకే సరి. రెండు వానాకాలాలు గడిచేసరికి బుష్‌లు వదులై కిర్రుమంటాయి, వాటికి స్పేర్లు దొరకడం గగనం. వెనక షాక్ నిజంగా బాగా పనిచేసే సైకిళ్ళు లేకపోలేదు. వాటి ధరలు లక్ష దాటాకే మొదలవుతాయి, అవి రాళ్ళ దారుల్లో కొండ దిగే కుర్రాళ్ళకి. ముడసర్లోవ మట్టిదారికి వాటితో పనేముంది?

ముందు షాక్ సంగతి కూడా అంతే, నమ్మి కాదు, చూసి కొనండి. సైకిల్ ఎక్కి మామూలుగా కూర్చుంటే ఆ షాక్ తన మొత్తం కదలికలో ఐదో వంతో నాలుగో వంతో కిందికి దిగాలి. మీరు కూర్చున్నా చలించకపోతే అది బరువు తప్ప సుఖం ఇవ్వదు. చౌక స్ప్రింగు ఫోర్కు, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే కొమ్ములు, ఒక్కటే రెండున్నర కిలోలు తూగుతుంది. 1970ల్లో కాలిఫోర్నియాలో మారిన్ కౌంటీ కుర్రాళ్ళు కొండ దారుల్లో దిగడం మొదలుపెట్టింది పాత ష్విన్ సైకిళ్ళ మీద. వాటికి షాకులే లేవు. లావు టైర్లు, ఎత్తైన హ్యాండిల్ ఉండేవి. మౌంటెన్ బైకులన్నీ వాటిలోంచే వచ్చాయి. షాకు లేని ఫోర్కుతో లావు టైర్ల సైకిల్ ఎవరైనా చూపిస్తే చిన్నచూపు చూడకండి.

ఇక అసలు విషయం. నేను మీకన్నా మూడేళ్ళు పెద్ద. మన వయసులో ప్రమాదమంతా ఆగేటప్పుడు, ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు. ఉదయం మాతో తొక్కే పెద్దవాళ్ళలో పడ్డవాళ్ళని చూశాను. దాదాపు అందరూ ఆగబోతూ పడ్డవాళ్ళే. సైకిల్ పోతున్నంతసేపూ దానంతటదే నిలబడుతుంది. వేగం తగ్గాక కాలు నేలకు అందకపోతే, అందినా సీటు నుంచి హ్యాండిల్ దాకా ఉండే కడ్డీకి తగులుకుంటే, పక్కకు ఒరుగుతుంది. అప్పుడు చెయ్యి ఆనిస్తాం, మణికట్టు పోతుంది.

మనం నేర్చుకున్నవి 22, 24 అంగుళాల నల్ల సైకిళ్ళు. కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కడంతో మొదలు. పెద్దయ్యాక ఎడమ పెడల్ మీద కాలేసి, నాలుగు గెంతులు గెంతి, కుడికాలు వెనక నుంచి తిప్పి సీటు మీద పడేవాళ్ళం. ఆ అలవాటు ఒంట్లో ఇంకా ఉంటుంది, హ్యాండిల్ చేతికి రాగానే బయటికొస్తుంది. ఇప్పుడది వద్దు. తుంటి అంత ఎత్తుకు లేవదు, పైగా సైకిల్ కదులుతూ ఉంటుంది.

ఇలా చేయండి. రెండు బ్రేకులూ పట్టుకుని సైకిల్‌ని బాగా మీ వైపు వంచండి. అప్పుడు సీటు మోకాలి ఎత్తుకు వస్తుంది, కాలు దాటించడం తేలిక. కడ్డీకి అటో కాలు ఇటో కాలు వేసి నేల మీద నిలబడండి. కుడి పెడల్‌ని పైకి, కాస్త ముందుకు, గడియారంలో రెండు గంటల ముల్లు ఉండే చోటికి తెచ్చుకోండి. బ్రేకులు వదిలి దాని మీద బరువు వేసి లేస్తే సైకిల్ కదులుతుంది, అప్పుడు సీటు మీదికి వెనక్కి జరగాలి. ఆగేటప్పుడు ఇదే తిరగేసి చేయాలి. ఆగబోయే ముందే సీటు వదిలి ముందుకు జారి, ఒక పెడల్ మీద నిలబడి, రెండో కాలు నేలకు ఆనించాలి. సీటు మీద కూర్చునే కాలి వేళ్ళతో నేల వెతుక్కోకూడదు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వారం రోజులు ఇదొక్కటే సాధన చేయండి, రోడ్డెక్కే పని తర్వాత.

దీనికి ఫ్రేము సహకరించాలి. షూ వేసుకుని కడ్డీకి అటూ ఇటూ నిలబడితే కడ్డీకీ మీకూ మధ్య 2 అంగుళాల ఖాళీ ఉండాలంటారు. మీకైతే 3 ఉండాలంటాను. ఇంట్లోనే కొలుచుకోండి: గోడకు వీపు ఆనించి నిలబడి, కాళ్ళ మధ్య ఒక లావు పుస్తకాన్ని సీటులా పైకి నొక్కి పట్టుకుని, దాని పై అంచు నుంచి నేల దాకా టేపు పెట్టించండి. ఆ అంకె రాసుకుని షాపుకు వెళ్ళి కడ్డీ ఎత్తు కొలవండి. మీ ఎత్తుకు 15 నుంచి 17 అంగుళాల ఫ్రేము, అంటే స్మాల్ గానీ మీడియం గానీ పడుతుంది. స్టాకులో 19 మిగిలిపోతే "సీటు దించుకుంటే సరిపోతుంది సార్" అంటారు. సరిపోదు. సీటు దిగుతుంది గానీ కడ్డీ దిగదు, హ్యాండిల్ దగ్గరికి రాదు. తుంటి మరీ బిగుసుకున్నవాళ్ళు కడ్డీ బాగా వాలిన ఫ్రేము తీసుకోవడం నయం. దాన్ని లేడీస్ సైకిల్ అని నవ్వేవాళ్ళు మీ మోకాలికి ఫిజియోథెరపీ ఫీజు కట్టరు.

సీటు ఎత్తు దగ్గర పెద్దవాళ్ళకి ఒక ఇరకాటం ఉంది. రెండు పాదాలూ నేలకు ఆనాలని సీటు బాగా దించుకుంటాం. భయం తగ్గుతుంది, కానీ అలా తొక్కితే మోకాలు ప్రతి చుట్టూ ఎక్కువ మడతపడి, మోకాలి చిప్ప వెనక ఒత్తిడి పెరుగుతుంది. మీకు మెట్ల మీద నొప్పి వస్తోందంటే ఆ చోటే కావచ్చు. సరైన ఎత్తు తెలుసుకోవడానికి గోడ పట్టుకుని సీటు మీద కూర్చుని, మడమను పెడల్ మీద పెట్టి కిందికంటా దించండి. కాలు తిన్నగా రావాలి. తొక్కేటప్పుడు మడమ బదులు పాదం ముందు భాగం పెడల్ మీద ఉంటుంది కాబట్టి మోకాలు కాస్త వంగి ఉంటుంది, అదే కావాలి. కానీ ఆ ఎత్తులో కూర్చుంటే మునివేళ్ళు తప్ప నేలకు అందవు. మోకాలికి సీటు ఎత్తు కావాలి, ధైర్యానికి పల్లం కావాలి.

దీనికి మందు డ్రాపర్ సీట్‌పోస్ట్, అంటే ఎత్తు మార్చుకునే సీటు కాడ. హ్యాండిల్ మీద చిన్న లివర్ నొక్కి ఒంటి బరువు వేస్తే సీటు 4, 5 అంగుళాలు కిందికి దిగుతుంది. మళ్ళీ నొక్కి బరువు తీస్తే పైకి లేస్తుంది. కొండ దిగే కుర్రాళ్ళ కోసం వచ్చిన వస్తువు, నన్నడిగితే దాని అసలు అవసరం మనకి. సిగ్నల్ దగ్గర లివర్ నొక్కితే రెండు పాదాలూ నేల మీద ఉంటాయి. లైట్ పడ్డాక పోతూ పోతూ సీటు పైకి తెచ్చుకోవచ్చు. రెండో షాకు కోసం పెట్టబోయే డబ్బు దీని మీద పెట్టండి. ఒక్క జాగ్రత్త: సీటు గొట్టం లోపలి కొలత ముందే చూసుకోవాలి. 27.2, 30.9, 31.6 మిల్లీమీటర్లు మామూలుగా కనిపించే సైజులు. 30.9, 31.6లకు డ్రాపర్లు బాగా దొరుకుతాయి, 27.2కి తక్కువ. పాత సీట్‌పోస్ట్ అడుగున ఆ అంకె చెక్కి ఉంటుంది, షాపులో బయటికి తీయించి చూడండి. అంత ఖర్చు వద్దనుకుంటే కనీసం చేత్తో విప్పే క్విక్ రిలీజ్ క్లాంప్ అయినా ఉండాలి.

హ్యాండిల్ సీటు కంటే కిందికి ఉండకూడదు. సమానంగా గానీ, అంగుళం రెండంగుళాలు పైకి గానీ ఉంటే నడుము, మెడ సుఖపడతాయి. ఫోర్కు గొట్టం మీద రింగులు పేర్చి హ్యాండిల్ ఎత్తు సర్దుతారు. ఫిట్టింగ్‌లో ఆ గొట్టాన్ని కోయకుండా అలాగే ఉంచమని ముందే చెప్పండి, ఒకసారి కోస్తే మళ్ళీ పెరగదు. ఇప్పటి మౌంటెన్ బైకుల హ్యాండిళ్ళు 740, 760 మిల్లీమీటర్ల వెడల్పుతో వస్తున్నాయి. మీ భుజాలకు అది ఎక్కువనిపిస్తే రెండు వైపులా సెంటీమీటరు, రెండు సెంటీమీటర్లు కోయించుకోవచ్చు. అది మాత్రం నెల రోజులు తొక్కాకే.

మీకు ప్రోగ్రెసివ్ కళ్ళద్దాలు, అంటే పైన దూరం, కింద దగ్గర పవర్ ఉన్నవి, ఉంటే ఒక మాట. బాగా ముందుకు వంగి తొక్కేటప్పుడు దూరపు రోడ్డు అద్దం పై అంచులోంచి చూడాల్సి వస్తుంది, మెడ వెనక్కి విరుచుకోవాలి. ముందు చక్రం దగ్గరున్న గుంట చూడబోతే దగ్గరి పవర్ అడ్డొచ్చి మసక. నిటారుగా కూర్చునే సైకిల్ మీద ఈ గొడవ చాలావరకు తగ్గుతుంది. సైక్లింగ్ కోసం దూరం పవర్ మాత్రమే ఉన్న జత చేయించుకుంటే ఇంకా మంచిది.

అరగంటకే చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కితే అరచేతి అంచున నరం నొక్కుకుపోతోందని అర్థం. వెడల్పాటి రెక్కలున్న గ్రిప్పులు వేయించండి, బ్రేక్ లివర్లను ముంజేతికి వరసగా కిందికి వంచి బిగించండి. మణికట్టు మెలిక లేకుండా తిన్నగా ఉండాలి. షుగర్ ఉన్నవాళ్ళకి ముందే చేతులు తిమ్మిర్లుంటాయి కాబట్టి ఇది మరీ ముఖ్యం.

ఇప్పుడు టైర్లు. చవగ్గా, వెంటనే సుఖం ఇచ్చేవి ఇవే. 2.2 అంగుళాల వెడల్పున్నవి చూడండి, 2.4 పట్టే ఫ్రేమైతే ఇంకా మేలు. ఎంత మంచి టైరైనా అందులో గాలి ఎక్కువైతే రాయే. షాపులో, పంక్చర్ కొట్లో గాలి ఒత్తిడి కొలతలో 50, 60 పి.ఎస్.ఐ. కొట్టి పంపిస్తారు, వేలితో నొక్కి "టైట్‌గా ఉంది సార్" అంటారు. మీ బరువుకు 2.2 టైరుతో తారు రోడ్డు మీద వెనక 38, ముందు 34 దగ్గర మొదలుపెట్టండి. మట్టిదారికి ఇంకో నాలుగైదు తగ్గించండి. గుంటలో పడ్డప్పుడు రిమ్ము 'టక్' మని నేలకు తగిలిన చప్పుడు వస్తే మరీ తగ్గించినట్టు, మూడు పెంచండి. గేజీ ఉన్న చేతి పంపు ఇంట్లో ఉండాలి, వేలి అంచనాకు 30కీ 45కీ తేడా తెలియదు. ఒకే రోడ్డు మీద ఒకరోజు 50తో, మర్నాడు 35తో పోయి చూడండి, షాకుల గురించి మీరే మళ్ళీ అడగరు. ముడసర్లోవ వైపు తుమ్మ ముళ్ళుంటాయి, ట్యూబుల్లో చిల్లులు పూడ్చే సీలెంట్ ద్రవం పోయించుకోండి. మన ఎండలకి అది కొన్ని నెలల్లో ఎండిపోతుంది, మళ్ళీ పోయించాలి.

సీటంటే మెత్తగా ఉండాలనుకుంటాం. బొటనవేలు దిగబడే జెల్ సీటు పది నిమిషాలు బాగుంటుంది. ఆ తర్వాత ఎముకలు అడుగుదాకా దిగి, జెల్ మధ్యకు ఉబ్బి, నొక్కకూడని చోట నొక్కుతుంది. కావాల్సింది సరైన వెడల్పు. చెక్క స్టూలు మీద అట్టపెట్టె ముక్క వేసి, దాని మీద నిటారుగా కూర్చుని, మోకాళ్ళు కాస్త పైకెత్తి అర నిమిషం ఆగి లేవండి. రెండు సొట్టలు కనిపిస్తాయి. వాటి మధ్య దూరానికి రెండు సెంటీమీటర్లు కలిపితే మీ సీటు వెడల్పు. మధ్యలో గాడి ఉన్నది తీసుకోండి, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్నా లేకున్నా. మొదటి రెండు వారాలు ఎలాగూ నొప్పి ఉంటుంది, దాన్ని చూసి సీటు మార్చేయకండి. తిమ్మిరి వస్తే మాత్రం మార్చండి.

గేర్ల సంఖ్యకి పడిపోవద్దు. 21 గేర్లు, 24 గేర్లు అని స్టిక్కర్లు వేస్తారు. చూడాల్సింది ఒక్కటే: చెయిన్ తిరిగే పళ్ళ చక్రాల్లో ముందున్న అతి చిన్నదానికి ఎన్ని పళ్ళు, వెనక అతి పెద్దదానికి ఎన్ని. ముందు 28, వెనక 28 అయితే పెడల్ ఒక చుట్టుకు వెనక టైరు ఒక చుట్టు, ఆ లెక్కన కైలాసగిరి రోడ్డు మీ మోకాలు వల్ల కాదు. ముందు 22, వెనక 34 ఉంటే టైరు చుట్టులో మూడింట రెండు వంతులే తిరుగుతుంది. ముందు ఒకే పళ్ళ చక్రం 32, వెనక 51 ఉన్నదీ ఇంచుమించు అంతే, లివర్ ఒకటే కాబట్టి గందరగోళం తక్కువ. కాళ్ళు తేలిగ్గా, గబగబా తిరగాలి. బలంగా తొక్కితే వ్యాయామం ఎక్కువ అనుకునే మిత్రులు మోకాళ్ళు పాడుచేసుకోవడం చూస్తూనే ఉన్నాం.

బ్రేకులు హైడ్రాలిక్ డిస్క్, అంటే నూనె ఒత్తిడితో పళ్ళేన్ని పట్టేవి, అయితే మంచిది, ఒక వేలితో ఆగుతుంది, వేళ్ళ కీళ్ళ నొప్పులున్నవాళ్ళకి వరం. కేబుల్ డిస్క్ కూడా పనిచేస్తుంది, తరచూ బిగించుకోవాలి. పరీక్షించడానికి పాండురంగపురం డౌన్ కంటే మంచి చోటు లేదు. ఉదయం ఖాళీగా ఉన్నప్పుడు నెమ్మదిగా దిగుతూ రెండు బ్రేకులూ విడివిడిగా చూడండి. ఏ చేతి లివర్ ఏ చక్రానిదో దిగక ముందే తెలిసి ఉండాలి. తర్వాత అదే రోడ్డు తొక్కుతూ ఎక్కండి, గేర్ల సంగతీ తేలిపోతుంది. ఒక్క రౌండు తొక్కడానికి ఇవ్వని షాపులో కొనకండి.

మన ఊళ్ళో ఇంకో శత్రువు ఉప్పుగాలి. బీచ్ రోడ్డు నుంచి వచ్చాక తడిగుడ్డతో తుడిచి, చెయిన్‌కి వారానికోసారి నూనె వేసి, ఎక్కువైంది తుడిచేయాలి. సీట్‌పోస్ట్‌కి గ్రీజు రాసి బిగించమనండి. రాయకపోతే ఉప్పుకి గొట్టంలోనే పట్టేసుకుని ఏడాది తర్వాత ఎవరు లాగినా రాదు. వరండాలో సముద్రం వైపు పెట్టకండి.

భీమిలి గురించి. ఎండాకాలంలో నైరుతి గాలి. వెళ్ళేటప్పుడు వెనక నుంచి తోస్తుంది, ఎంత బాగా తొక్కుతున్నామో అనిపిస్తుంది. తిరిగొచ్చేటప్పుడు అదే ఎదురుగాలి, పొద్దెక్కిన కొద్దీ పెరుగుతుంది. నిటారుగా కూర్చునే సైకిల్ మీద గాలి ఇంకా తగులుతుంది, సుఖానికి అది మూల్యం. అందుకని మొదటి నెలల్లో రుషికొండ దాకా చాలు. శీతాకాలంలో ఈశాన్యం వీస్తుంది కాబట్టి లెక్క తిరగబడుతుంది, భీమిలికి అదే మంచి కాలం. ఆర్కే బీచ్ దగ్గర తెల్లవారుజామున బండ్లు రానివ్వని వేళ కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి బాగుంటుంది. కాకపోతే నడిచేవాళ్ళు గుంపులు గుంపులుగా ఉంటారు, బెల్లు కావాలి. మట్టిదారుల సరదాలో ఎర్రమట్టి దిబ్బల మీదికి మాత్రం సైకిల్ ఎక్కించకండి. అవి రక్షిత భూవారసత్వ స్థలం, పైగా ఆ ఇసుకలో చక్రం దిగబడిపోతుంది.

మందుల సంగతి మీ డాక్టర్‌తో మాట్లాడండి, మూడు విషయాలు మాత్రం నేనూ చెబుతాను. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే హెల్మెట్ లేకుండా వీధి చివరికి కూడా వద్దు. తలకు దెబ్బ తగిలితే, బాగానే ఉందనిపించినా ఆసుపత్రికి వెళ్ళాల్సిందే. షుగర్‌కి ఇన్సులిన్ గానీ, షుగర్ బాగా దించే మాత్రలు గానీ వాడుతుంటే పరగడుపున తొక్కకండి, జేబులో గ్లూకోజ్ ఉండాలి. బి.పి.కి బీటా బ్లాకర్ వాడితే గుండె వేగం అంత పెరగదు, చేతి వాచీ చూపించే అంకెల్ని పట్టించుకోకుండా, మాట్లాడుతూ తొక్కగలుగుతున్నామా లేదా అన్నది చూసుకోండి.

మోటారు సైకిల్ కాదు గానీ, మోటారున్న సైకిల్ తీసుకోవచ్చా అని కూడా అడిగారు. 250 వాట్ల లోపు, గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉన్నవాటికి మన దేశంలో రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కర్లేదు. ఎత్తుల దగ్గర మోకాలికి మేలే. కానీ బరువు 20 కిలోలు దాటుతుంది, ఒరిగితే ఆపడం కష్టం, లిఫ్టులో నిలబెట్టి ఎక్కించడం ఇంకా కష్టం. ముందు మామూలు దాని మీద ఎక్కడం దిగడం చేతికి రానివ్వండి.

కాబట్టి ఆ రెండింట్లో 27.5 దాన్నే చూడండి, స్మాల్ గానీ మీడియం గానీ తెప్పించి, కడ్డీ కొలిచి, పాండురంగపురంలో తొక్కాకే.

మీ ఆవిడ గారు కూడా నేర్చుకుంటానంటున్నారు, ఒక్క సైకిల్ ఇద్దరికీ చాలదా అని చివర్లో రాశారు. ఆవిడ 5 అడుగులన్నారు, చాలదు. మీ ఫ్రేము ఆవిడకి పెద్దది, కడ్డీ ప్రమాదం. కడ్డీ వాలిన 26 అంగుళాల చక్రాల సైకిల్, చున్నీ పడకుండా చెయిన్ కవర్ ఉన్నది, వేరుగా తీసుకోండి. ఈ వయసులో వెనక సీటు పట్టుకుని పరిగెత్తి నేర్పించే పని మీరు పెట్టుకోవద్దు. రెండు పెడళ్ళూ విప్పేసి, సీటు పూర్తిగా దించి, పాదాలతో నేలను నెట్టుకుంటూ కాలనీ రోడ్డు మీద పోనివ్వండి. బ్యాలెన్స్ వచ్చాక పెడళ్ళు బిగించవచ్చు. విప్పేటప్పుడు గుర్తుంచుకోండి, ఎడమ పెడల్ మర తిరగబడి ఉంటుంది. పెడల్ వైపు నిలబడి చూస్తూ దాన్ని కుడివైపు తిప్పితేనే ఊడుతుంది. చాలామంది అటు బిగించేసి స్పానర్ విరగ్గొట్టుకుంటారు.